తాళం తిప్పే ముందు రెండు నిమిషాలు: డీజిల్ కారులో పెట్రోల్ పడితే లోపల ఏం జరుగుద్ది

బంకులో మనోళ్ల కళ్లన్నీ ఒకే చోట ఉంటాయి, మీటర్ మీద జీరో దగ్గర. "సార్ జీరో చూస్కోండి" అని కుర్రాడు అంటాడు, మనం తల బయటపెట్టి చూస్తాం, సరే కొట్టు అంటాం, ఇక స్కానర్ వైపో వెనక సీట్లో గొడవ చేస్తున్న పిల్లల వైపో తిరిగిపోతాం. తక్కువ కొట్టి మోసం చేస్తారేమో అన్న భయం మనకి చిన్నప్పటి నుంచీ ఉన్నదే కాబట్టి ఆ అలవాటుని తప్పుపట్టలేం. కాకపోతే ఆ జీరో హడావుడిలో అతని చేతిలో ఉన్నది పెట్రోల్ గన్నా డీజిల్ గన్నా అని చూసేవాళ్లు చాలా తక్కువ, పైగా మనం చెప్పే మాట కూడా "రెండు వేలకి కొట్టు" లేదా "ఫుల్ చెయ్", అంతే, అందులో ఏది కొట్టాలో ఎక్కడా ఉండదు. డీజిల్ కారులో పెట్రోల్ పడే కథలు చాలా వరకు ఇక్కడే మొదలవుతాయి.

తప్పుది పడిందని తెలియగానే చాలామంది ఇక ఇంజిన్ పోయింది అని గుండెలు బాదుకుంటారు, ఇంకొంతమంది ఏం కాదులే స్టార్ట్ చేసి చూద్దాం అంటారు. ఇద్దరిలో రెండోవాళ్లే ఎక్కువ నష్టపోతారు. ట్యాంక్ అనేది ఒక డబ్బా, అంతే. అందులో డీజిల్ బదులు పెట్రోల్ పోసి ఓ పూట అలాగే వదిలేసినా ఇంజిన్‌కి ఏమీ అవదు, ఎందుకంటే అది ఇంకా ఇంజిన్ దాకా పోలేదు. నష్టం మొదలయ్యేది తాళం తిప్పాక. గన్ బయటికి తీసిన దగ్గర్నుంచి తాళం తిప్పేదాకా ఉన్న ఆ రెండు నిమిషాలే కొన్ని వేలతో పోయే పనికీ లక్ష దాటే బిల్లుకీ మధ్య ఉన్న తేడా. మన బంకుల్లో కరెక్ట్‌గా ఆ రెండు నిమిషాలే దొరకవు. వెనక ఆటో వాడు హారన్ కొడుతుంటాడు, పక్కన బైకులు దూరుతుంటాయి, కుర్రాడే "అన్నా కొంచెం ముందుకి తియ్యవా" అంటాడు, ఎవరైనా ఏం చేస్తారు, స్టార్ట్ చేసి ముందుకి తీస్తారు.

అమెరికా, బ్రిటన్ లాంటి చోట ఈ పొరపాటు చేసేది ఎక్కువగా కారు నడిపేవాళ్లే, అక్కడ ఎవరిది వాళ్లే కొట్టుకోవాలి కాబట్టి. బ్రిటన్‌లో ఏటా లక్షన్నర మంది దాకా ఇలా చేస్తారని అక్కడి బ్రేక్‌డౌన్ సర్వీసుల వాళ్లు చాలా ఏళ్లుగా చెప్తున్న లెక్క. మన దగ్గర కొట్టేది బంకు కుర్రాడు. అతని ముందుకొచ్చే బళ్లలో ఎక్కువ భాగం బైకులూ స్కూటర్లే, చెయ్యి దానంతటదే పెట్రోల్ గన్ మీదకి పోద్ది. లారీ వస్తే డీజిల్ అని, యాక్టివా వస్తే పెట్రోల్ అని కళ్లు మూసుకుని చెప్పొచ్చు, చిక్కంతా కారు దగ్గరే.

ఆ చిక్కు వెనక కొంచెం రేట్ల రాజకీయం కూడా ఉంది. 2010 జూన్‌లో పెట్రోల్ రేటు మీద సెంట్రల్ గవర్నమెంట్ కంట్రోల్ ఎత్తేసింది, డీజిల్ మీద మాత్రం 2014 అక్టోబర్ దాకా ఉంచింది. ఆ మధ్యలో లీటరుకి 30 రూపాయల దాకా తేడా నడిచిన రోజులున్నాయి, దాంతో కాస్త ఎక్కువ తిరిగేవాళ్లంతా డీజిల్ కారు మీద పడ్డారు, కంపెనీలు కూడా ప్రతి మోడల్‌నీ రెండు రకాలుగా దించాయి. ఫియట్ వాళ్ల 1.3 మల్టీజెట్ ఇంజిన్ ఒక్కటే మారుతి స్విఫ్ట్‌లో, టాటా ఇండికా విస్టాలో, ఫియట్ పుంటోలో వచ్చింది. బయట నుంచి చూస్తే తెల్ల స్విఫ్ట్ తెల్ల స్విఫ్టే, వెనక వీఎక్స్ఐ అని ఉంటే పెట్రోల్, వీడీఐ అని ఉంటే డీజిల్, ఆ ఒక్క అక్షరం తేడాని రోజంతా ఎండలో నిలబడ్డ మనిషి పట్టుకోవాలి. 2020 ఏప్రిల్‌లో బళ్ల పొగ మీద బీఎస్6 అనే కొత్త రూల్స్ వచ్చినప్పుడు మారుతి డీజిల్ కార్లు ఆపేసింది, ఇంకొన్ని కంపెనీలు కూడా చిన్న కార్లలో డీజిల్ వదిలేశాయి. మరి రిస్క్ తగ్గాలి కదా అనిపిస్తది. తగ్గిన మాట నిజమే గానీ, ఇంకో రకంగా పెరిగింది కూడా, ఇప్పుడు చిన్న కారు వస్తే పెట్రోలే అయ్యుంటది అని అనుకోవడం సహజం, అదే సమయంలో పాత డీజిల్ స్విఫ్టులూ ఐ20లూ సెకండ్ హ్యాండ్‌లో చేతులు మారుతున్నాయి, మొన్నటిదాకా పెట్రోల్ కారు నడిపిన మనిషి ఈ వారం డీజిల్ కారు కొనుక్కుని బంకుకి వస్తాడు. ఫంక్షన్‌కి పోవడానికి మాట్లాడుకున్న యాక్టింగ్ డ్రైవర్ సంగతి ఇక చెప్పక్కర్లేదు, అతనికి రోజుకో కారు.

పేర్లు కూడా సాయం చెయ్యవు. మనం మామూలుగా కొట్టించుకునే డీజిల్‌కి ఆఫీసు పేరు హై స్పీడ్ డీజిల్. అదే భారత్ పెట్రోలియం బంకులో స్పీడ్ అంటే మాత్రం ప్రీమియం పెట్రోల్. హిందుస్తాన్ పెట్రోలియంలో పవర్ అన్నా, ఇండియన్ ఆయిల్‌లో ఎక్స్‌పీ95 అన్నా పెట్రోలే, ఎక్స్‌ట్రా గ్రీన్ అంటే మళ్లీ డీజిల్. కొత్తగా కారు కొన్నోళ్లు "మంచిది కొట్టు బాబూ, ఆ పవర్ ఏదో ఉంటదంట" అనే రకం కూడా ఉన్నారు, వాళ్ల కారు డీజిల్ అయితే ఇక అంతే. బిల్లులో చూద్దామంటే పెట్రోల్ అని రాయరు, ఎంఎస్ అని ఉంటది, అంటే మోటార్ స్పిరిట్. డీజిల్‌కి హెచ్ఎస్‌డీ అని ఉంటది. ఈ రెండు పొట్టి పేర్లు గుర్తుంటే చాలు, బిల్లు చేతికి రాగానే ఒక్క చూపులో తెలిసిపోద్ది, అదీ బండి స్టార్ట్ చెయ్యకముందే.

గన్ సైజులోనే ఒక అడ్డు ఉంది, దాని చరిత్ర భలే ఉంటది. 1970ల్లో అమెరికాలో కార్లకి పొగలో విషాన్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్లు పెట్టడం మొదలైంది, పెట్రోల్‌లో సీసం ఉంటే అవి పాడైపోతాయి, అందుకని సీసం లేని పెట్రోల్ తెచ్చి, దాని గన్ సన్నగా చేసి, ఆ కార్ల ట్యాంక్ మూతిని కూడా సన్నగా చేశారు, పాత లావు గన్ దూరకుండా. ఆ సన్న గన్ సుమారు 21 మిల్లీమీటర్లు, డీజిల్ గన్ 24, 25 దాకా ఉంటది. మన దేశంలో సీసం లేని పెట్రోల్ 1995లో నాలుగు మెట్రోల్లో మొదలై 2000 నాటికి దేశమంతా వచ్చేసింది. సీసం పోయింది గానీ సైజుల తేడా మిగిలింది, దాని వల్ల పెట్రోల్ కారులో డీజిల్ గన్ సరిగా దూరదు. తేడా ఎక్కడొచ్చిందంటే ఈ అడ్డు ఒకవైపే పనిచేస్తది. డీజిల్ కారు మూతి పెద్దది, అందులోకి సన్నటి పెట్రోల్ గన్ హాయిగా దూరిపోద్ది. అంటే తక్కువ నష్టం చేసే పొరపాటుకి అడ్డు ఉంది, కొంప ముంచే పొరపాటుకి లేదు. పైగా మన దగ్గర గన్ లోపలిదాకా పోకపోయినా మూతికి ఆనించి కొట్టేసే అలవాటు ఉంది కాబట్టి ఆ ఉన్న అడ్డు కూడా గట్టిదేం కాదు. ఫోర్డ్ లాంటి కొన్ని కంపెనీలు విదేశాల్లో డీజిల్ కార్లకి లావు గన్ నొక్కితేనే తెరుచుకునే మూతలు పెట్టాయి, అది నిజంగా బుర్ర పెట్టి చేసిన పని. ఇంత చిన్న ప్లాస్టిక్ ముక్క ప్రతి డీజిల్ కారుకీ ఎందుకు రాదో అర్థం కాదు.

రంగులు నమ్ముకున్నా కష్టమే. బ్రిటన్‌లో పచ్చ గన్ అంటే పెట్రోల్, నల్లది డీజిల్. అమెరికాలో చాలా చోట్ల పచ్చ గన్ డీజిల్. డాలస్‌లో పదేళ్లు ఉండి లండన్‌కి మారిన మనోళ్లు మొదటిసారి రెంటల్ కారుకి కొట్టేటప్పుడు రంగు చూసి కాకుండా రాసింది చదివి కొట్టుకోవాలి. యూరప్‌లో 2018 అక్టోబర్ నుంచి దీనికి గుర్తులు పెట్టారు, పెట్రోల్‌కి గుండ్రం లోపల ఈ5, ఈ10 అని, డీజిల్‌కి చతురస్రంలో బీ7 అని, కొత్త కార్లలో అవే మూత దగ్గరా ఉంటాయి, భాష రాకపోయినా బొమ్మకి బొమ్మ కలిపితే చాలు. అన్నట్టు న్యూజెర్సీలో ఉన్నోళ్లకి ఈ బాధ కొంచెం తక్కువ, అక్కడ చట్టప్రకారం ఇప్పటికీ బంకు మనిషే కొట్టాలి, అక్కడి ఎడిసన్ ఊళ్లో మాత్రం విజయవాడ బంకులో కూర్చున్నట్టే కారులో కూర్చోవచ్చు.

ఇక లోపల ఏం జరుగుద్ది అనేది చూద్దాం. పెట్రోల్ ఇంజిన్‌లో గాలీ పెట్రోల్ ఆవిరీ కలిసి నొక్కుకుంటాయి, ప్లగ్ ఒక నిప్పురవ్వ వేస్తది, అప్పుడు అంటుకుంటది. రవ్వ పడకముందే దానంతటది అంటుకోకూడదు, అలా ఓర్చుకునే గుణానికే ఆక్టేన్ అని నంబర్ ఇస్తారు, 91, 95 అని మనం వినేది అదే. డీజిల్ ఇంజిన్‌లో ప్లగ్ రవ్వ లేదు. ఉత్త గాలినే పదహారు పదిహేడు రెట్లు నొక్కితే అది 500 డిగ్రీలు దాటి కాలిపోద్ది, అందులోకి డీజిల్‌ని సన్నటి తుంపరగా కొడితే వెంటనే భగ్గుమంటది. ఎంత త్వరగా అంటుకుంటే అంత మంచిది, ఆ గుణానికి సీటేన్ అని ఇంకో నంబర్, బీఎస్6 డీజిల్‌కి కనీసం 51 ఉండాలి. అంటే ఒకదాన్ని త్వరగా అంటుకోకుండా తయారుచేశారు, ఇంకోదాన్ని త్వరగా అంటుకునేలా తయారుచేశారు, రెండూ ఒకే ముడి చమురులోంచి వచ్చినా రిఫైనరీలో వాటి దారులు అక్కడే విడిపోయాయి. డీజిల్ ఇంజిన్‌లోకి పెట్రోల్ పోతే అంటుకోవాల్సిన టైంకి అంటుకోదు, కొంచెం ఆగి అంతా ఒక్కసారిగా పేలుద్ది, అందుకే టకటకా అని మేకులు డబ్బాలో ఊపినట్టు సౌండ్ వస్తది, పికప్ పోద్ది, తెల్ల పొగ వస్తది, చివరికి ఆగిపోద్ది.

ఆగిపోవడం నిజానికి పెద్ద సమస్య కాదు. అసలు దెబ్బ పంపు మీద పడుద్ది, అది బయటికి కనపడదు, వినపడదు.

ఇప్పటి డీజిల్ కార్లన్నీ కామన్ రైల్ రకం. 1997లో ఆల్ఫా రోమియో 156 కారుతో ఇది మార్కెట్లోకి వచ్చింది, తర్వాత పదేళ్లలో ప్రపంచమంతా ఇదే అయిపోయింది. ఇందులో ఒక హై ప్రెజర్ పంపు డీజిల్‌ని 1,600 నుంచి 2,000 బార్ దాకా నొక్కి రైలు అనే గొట్టంలో నింపుద్ది, అక్కడి నుంచి ఇంజిన్‌లోకి తుంపరగా కొట్టే ఇంజెక్టర్లకి పోద్ది. 2,000 బార్ అంటే మన కారు టైర్లో ఉండే గాలి ప్రెజర్‌కి దాదాపు 900 రెట్లు. అంత ఒత్తిడిలో ఇనుము మీద ఇనుము జారుతూ ఉంటది, మధ్యలో ఖాళీ వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. మరి అరిగిపోకుండా ఆ పంపుకి ఆయిల్ ఎవరు పోస్తున్నారు? ఎవరూ పొయ్యరు, ఈ పంపుల్లో చాలావాటికి ఆ డీజిలే ఆయిల్. డీజిల్‌ని వేళ్ల మధ్య రుద్దితే జిడ్డుగా జారుద్దే, ఆ జిడ్డు మీదే పంపు బతుకుతుంది. పెట్రోల్ వేలికి రాస్తే చల్లగా తగిలి ఆరిపోద్ది, జిడ్డు అనేదే ఉండదు. అది ఉత్తగా జిడ్డు లేని ద్రవం అయితే కొంత నయం, ఉన్న జిడ్డుని కూడా కడిగేసే రకం. మెకానిక్ షెడ్డులో చూడండి, గ్రీజు పట్టిన బేరింగుల్ని ఒక పాత డబ్బాలో పెట్రోల్ పోసి బ్రష్‌తో కడుగుతారు, నిమిషంలో తళతళా మెరుస్తాయి. కారులో పంపుకి జరిగేది సరిగ్గా అదే, కాకపోతే తిరుగుతూ ఉండగా జరుగుద్ది.

జిడ్డు పోయిన ఇనుము రాసుకుంటే పొడి రాలుద్ది. ఆ పొడి డీజిల్‌తో పాటు రైల్లోకి, రైల్లోంచి ఇంజెక్టర్లలోకి పోద్ది, ఇంజెక్టర్ల దగ్గర మిగిలిన ఇంధనం రిటర్న్ పైపులో మళ్లీ ట్యాంకులోకి వస్తది, పొడి కూడా దానితోనే వస్తది. అంటే పంపు ఒక్కటే పోయిందిలే అని కొత్త పంపు వేస్తే, ట్యాంకులోంచి అదే ఇనప పొడి మళ్లీ కొత్త పంపుకీ కొత్త ఇంజెక్టర్లకీ పోద్ది. అందుకే సర్వీస్ సెంటర్ వాళ్లు పంపు, రైలు, నాలుగు ఇంజెక్టర్లు, పైపులు అన్నీ మార్చాలి, ట్యాంకు దించి కడగాలి అంటారు. విన్నోళ్లకి దోచుకుంటున్నారు అనిపిస్తది, ఈ ఒక్క విషయంలో మాత్రం చాలాసార్లు వాళ్లు చెప్పేది నిజమే. పొడి వచ్చిందా లేదా అన్నది ఫిల్టర్ విప్పి చూస్తే తెలుస్తది, మెరుపులు కనపడితే పెద్ద పనే, కనపడకపోతే కడిగి ఫిల్టర్ మార్చి బయటపడొచ్చు, ఆ ఫిల్టర్ మన కళ్ల ముందు విప్పమని అడగడం మన హక్కు.

బీఎస్6 డీజిల్‌లో సల్ఫర్ 10 పీపీఎంకి, అంటే పది లక్షల్లో పది వంతులకి తగ్గించారు, బీఎస్4లో 50 ఉండేది. పొగకి మంచిదే, కానీ సల్ఫర్ తీసే ప్రాసెస్‌లో డీజిల్‌కి సహజంగా ఉండే జారుడు గుణం కూడా కొంత పోద్ది, దాన్ని అడిటివ్ కలిపి మళ్లీ తెస్తారు. అంటే పంపుకి సరిపోయేంత జిడ్డే లెక్కగా ఉంది, అందులో పెట్రోల్ కలిస్తే తట్టుకునే మార్జిన్ పెద్దగా లేదు.

"ఏం కాదన్నా, మిగతా ట్యాంకు డీజిల్‌తో నింపెయ్, కలిసిపోద్ది, నాలుగు ట్రిప్పులు తిప్పితే అదే పోద్ది" అనే సలహా ప్రతి బంకులోనూ ఎవరో ఒకరు ఇస్తారు, పెద్ద వయసు మెకానిక్ అయితే ఇంకా గట్టిగా చెప్తాడు. ఆయన అబద్ధం చెప్పట్లేదు. ఆయన నేర్చుకున్న రోజుల్లో జీపులకీ ట్రాక్టర్లకీ వ్యాన్లకీ ఉన్నవి పాత మెకానికల్ పంపులు, వాటిల్లో కొన్నింటికి ఇంజిన్ ఆయిలే అందేది, ప్రెజర్లు కూడా ఇప్పటితో పోలిస్తే చాలా తక్కువ. కిరసనాయిలు కలిపి నడిపిన రోజులవి. చలి దేశాల్లో డీజిల్ మైనంలా గడ్డకట్టకుండా కొంచెం పెట్రోల్ కలపొచ్చని కొన్ని పాత జర్మన్ డీజిల్ కార్ల మాన్యువల్సే చెప్పేవి. ఇంజిన్ మారింది, సలహా మారలేదు. అదే సలహా ఇప్పుడు క్రెటా డీజిల్‌కి ఇస్తే ఆయన అనుభవం ఇక్కడ పనికిరాదు.

మరి కొంచెమే పడితే? మన దగ్గర ఇది చాలా వచ్చే ప్రశ్న, ఎందుకంటే ఫుల్ ట్యాంక్ కొట్టించేవాళ్ల కంటే ఐదొందలకీ వెయ్యికీ కొట్టించేవాళ్లు ఎక్కువ. ట్యాంకులో 30 లీటర్ల డీజిల్ ఉండగా ఐదొందల పెట్రోల్ పడిందనుకుందాం, లీటరు నూట ఏడు రూపాయల చొప్పున నాలుగున్నర లీటర్ల పైన వస్తది, అంటే మొత్తంలో పదమూడు శాతం. వినడానికి చిన్న నంబరే, కామన్ రైల్ పంపుకి మాత్రం చిన్నది కాదు, ఇంతలోపైతే పర్లేదు అని కంపెనీలు ఏ అంకె మీదా నిలబడి చెప్పవు, ట్యాంకు ఖాళీ చేయించమనే చెప్తాయి. కుర్రాడు గన్ పెట్టి ఒక్క గుక్క కొట్టగానే గమనించి ఆపితే, అర లీటరు కూడా పడకపోతే, అప్పుడు ఏం చెయ్యాలన్నది మెకానిక్‌తో మాట్లాడి తేల్చుకునే విషయం. లీటర్లలో పడితే మాత్రం బేరం లేదు.

దీనికి తిరగేసి, పెట్రోల్ కారులో డీజిల్ పడితే కథ ఇంత భయంకరంగా ఉండదు. డీజిల్ త్వరగా ఆవిరవదు, ప్లగ్ రవ్వకి అంటుకోదు. కారు కొంచెం దూరం పోయి కుదుపులతో ఆగిపోద్ది, పొగ వస్తది, ప్లగ్గులు నల్లగా తడిసిపోతాయి. ట్యాంకు ఖాళీ చేసి, లైన్లు కడిగి, ఫిల్టరూ ప్లగ్గులూ మారిస్తే చాలావరకు తేరుకుంటది. అలాగే మొండిగా సెల్ఫ్ కొడుతూ నడిపితే కాలని డీజిల్ క్యాటలిటిక్ కన్వర్టర్ దాకా పోయి దాన్ని పాడుచేస్తది, ఇంజిన్ ఆయిల్‌లో కలిస్తే ఆయిల్ కూడా మార్చాలి. బైకులో పడినా ఇదే, ఇంకా తేలిక.

సరే, బంకులో ఉండగానే తెలిసింది. చెయ్యాల్సిన పని ఒక్కటే, ఏమీ చెయ్యకుండా ఉండటం. ఇక్కడ చాలామందికి తెలియని చిన్న మెలిక ఉంది, ఇంజిన్ స్టార్ట్ చెయ్యకపోయినా ఇగ్నిషన్ ఆన్ చేస్తే చాలు, చాలా కార్లలో ట్యాంకులో ఉండే ఎలక్ట్రిక్ పంపు రెండు మూడు సెకన్లు తిరిగి ఇంధనాన్ని ముందుకి తోస్తది, డ్యాష్‌బోర్డులో లైట్లన్నీ వెలిగినప్పుడు వెనక సీటు కింద నుంచి సన్నగా జుయ్ అని వినపడేది అదే. కాబట్టి అద్దాలు ఎత్తడానికో ఏసీకో కూడా తాళం ఆన్‌కి తిప్పకూడదు. బండిని పక్కకి నెట్టాలంటే స్టీరింగ్ లాక్ తియ్యాలి, గేరు న్యూట్రల్‌కి రావాలి. తాళం ఉన్న మాన్యువల్ కారులో మొదటి మెట్టు దాకా తిప్పితే చాలు. బటన్ స్టార్ట్ ఉంటే క్లచ్ మీదా బ్రేకు మీదా కాలు పెట్టకుండా ఒక్కసారి నొక్కాలి, కాలు వాటి మీద ఉండగా నొక్కితే ఇంజిన్ స్టార్ట్ అయిపోద్ది, కంగారులో జరిగేది ఎక్కువగా ఇదే. ఆటోమేటిక్ అయితే ఇగ్నిషన్ ఆన్ చెయ్యకుండా గేరు మామూలుగా పార్క్‌లోంచి బయటికి రాదు, దాన్ని నెట్టే బదులు ఫ్లాట్‌బెడ్ బండి వచ్చేదాకా అక్కడే ఉంచడం మంచిది. వెనక క్యూ తిట్టుకుంటది, తిట్టుకోనివ్వాలి, బిల్లు కట్టేది వాళ్లు కాదు.

రోడ్డెక్కాక తెలిస్తే ఎడంపక్కకి తీసి వెంటనే ఆపెయ్యాలి. బంకు నుంచి కిలోమీటరో రెండో బానే పోయిందంటే ఏం కాలేదని అర్థం కాదు, పైపుల్లో ఫిల్టర్లో పాత డీజిల్ మిగిలుంటది, అది అయ్యేదాకా ఇంజిన్‌కి తేడా తెలియదు. "చూశారా సార్, స్టార్ట్ అయింది కదా" అని బంకులో చూపించేది ఈ మిగిలిన డీజిల్‌నే.

ట్యాంకు ఖాళీ చెయ్యడం కూడా ఆషామాషీ కాదు. మనోళ్ల పద్ధతి తెలిసిందే, ఒక పైపు ముక్క ట్యాంకులో పెట్టి నోటితో పీలుస్తారు. పొరపాటున పెట్రోల్ గుక్క ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా లాంటి జబ్బు చేసి ఆస్పత్రి పాలవుతారు, కారు కంటే అది పెద్ద ఖర్చు. ఇంకోటి, డీజిల్ మామూలు ఎండలో అంత తేలిగ్గా అంటుకోదు కదా అని ధైర్యంగా ఉంటాం, కానీ అందులో కొంచెం పెట్రోల్ కలిసినా పైన లేచే ఆవిరి పెట్రోల్ ఆవిరే, మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకోగల రకం. సిగరెట్లూ ఫోన్ టార్చిలూ వేసుకుని చుట్టూ మూగే పని అసలు కాదు.

ఈ మధ్య ఇంకో కొత్త పొరపాటు కలిసింది. ఎక్స్‌యూవీ700 డీజిల్ లాంటి బీఎస్6 కార్లకీ, లారీలకీ పొగ శుభ్రం చెయ్యడానికి డెఫ్ అనే ద్రవం పోస్తారు, యాడ్‌బ్లూ అని కూడా అంటారు. అందులో మూడింట ఒక వంతు యూరియా, మిగతాది శుభ్రమైన నీళ్లు, అంతే. దీనికి వేరే ట్యాంకు, నీలం మూత. కొన్ని బళ్లలో రెండు మూతలూ పక్కపక్కనే ఉంటాయి, డీజిల్ ట్యాంకులో డెఫ్ పోసేస్తే అది ఉప్పులా గడ్డకట్టి పైపుల్లో పేరుకుంటది, పంపుని తుప్పు పట్టిస్తది, పెట్రోల్ కంటే దీన్ని వదిలించుకోవడమే కష్టం. డెఫ్ ట్యాంకులో డీజిల్ పోసినా అక్కడి రబ్బరు సీళ్లు, సెన్సర్లు పోతాయి. రూల్ మాత్రం అదే, స్టార్ట్ చెయ్యకూడదు.

ఈ20 పెట్రోల్, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ మీద జరుగుతున్న గొడవని దీనితో కలపొద్దు, అది తప్పుడు ఇంధనం కిందకి రాదు, దాని లెక్క వేరే. వానాకాలంలో బంకు ట్యాంకులోకి నీళ్లు చేరి కార్లు ఆగిపోవడం కూడా వేరే కేసు, లక్షణాలు మాత్రం దగ్గరగా ఉంటాయి కాబట్టి ఏది జరిగిందో తేల్చుకోవాలి. పెట్రోల్‌లో డీజిలో కిరసనాయిలో కలిసిందా అని అనుమానం ఉంటే ప్రతి బంకులోనూ ఫిల్టర్ పేపర్ అడిగితే ఇవ్వాలి, దాని మీద గన్ నుంచి ఒక చుక్క వేస్తే మంచి పెట్రోల్ రెండు నిమిషాల్లో మచ్చ లేకుండా ఆరిపోద్ది, జిడ్డు మచ్చ మిగిలితే తేడా ఉన్నట్టే.

ఖర్చు ఎవరు పెట్టుకోవాలి అన్న దగ్గర అసలు పంచాయితీ. మామూలు కారు ఇన్సూరెన్స్ గుద్దుకోవడాలు, వరదలు, దొంగతనాల కోసం రాసింది, తప్పుడు ఇంధనం వల్ల లోపల పాడైన ఇంజిన్‌ని చాలాసార్లు పక్కన పెట్టేస్తారు. ఇంజిన్ ప్రొటెక్ట్ అని యాడ్-ఆన్ తీసుకున్నా అందులో ఇది ఉందో లేదో షరతులు చదివితేనే తెలుస్తది. బంకు వాళ్లే తప్పుది కొడితే అది సేవా లోపం, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కి పోవచ్చు, రెండేళ్లలోపు వెయ్యాలి, ఐదు లక్షల దాకా కేసుకి ఫీజు కూడా లేదు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ పెట్టుకోవచ్చు. చాలా బంకుల ఓనర్లు అక్కడిదాకా పోనివ్వకుండా ట్యాంకు కడిగించే ఖర్చు ఇచ్చేస్తారు, కొంతమంది ఆ డబ్బు కుర్రాడి జీతంలోంచి కోస్తారు, అది మాత్రం అన్యాయం, గుర్తులు సరిగా పెట్టని మెషీన్ కొన్నది అతను కాదు.

కేసు నిలబడాలంటే కాగితం కావాలి. బిల్లులో ఎంఎస్ అని ఉంది, ఆర్సీలో డీజిల్ అని ఉంది, ఈ రెండూ పక్కపక్కన పెడితే సగం పని అయిపోయినట్టే. బంకులో సీసీ కెమెరా ఫుటేజ్ కొన్నాళ్లకి చెరిగిపోద్ది కాబట్టి అదే రోజు రాతపూర్వకంగా అడగాలి, ట్యాంకులోంచి తీసిన ఇంధనం ఒక సీసాలో మేనేజర్ ముందే పట్టి సీల్ చేయించుకోవాలి, సర్వీస్ సెంటర్ నుంచి ఏం పాడైందో, ఎందుకు పాడైందో రాయించుకోవాలి. అవతలి లాయరు అడిగే మొదటి ప్రశ్న కూడా తాళం దగ్గరికే వస్తది: తప్పుది కొట్టానని బంకులోనే మా కుర్రాడు చెప్పాడు కదా, తెలిసి కూడా ఎందుకు స్టార్ట్ చేశారు, ఎన్ని కిలోమీటర్లు నడిపారు అని. బంకులో బిల్లు మీద టైం ఉంటది, టోయింగ్ బండి స్లిప్పు మీద ఎక్కడ ఎక్కించుకున్నారో ఉంటది, ఆ రెంటి మధ్య దూరం సున్నా అయితే ఆ ప్రశ్నకి జవాబు చెప్పే పనే ఉండదు.